వేడినీళ్ళలో వేసిన దుప్పటి

ఏళ్ళ తరబడి లాండ్రీ నడుపుతున్న మనిషి నెత్తుటి మరకని తీసుకెళ్ళి వేడినీళ్ళలో వేశాడంటే, అతనికి మతైనా పోయి ఉండాలి, ప్రాణం మీదికైనా వచ్చి ఉండాలి. ఇస్త్రీ మాస్టారికి ఆ ఆదివారం మధ్యాహ్నం రెండూ ఒకేసారి జరిగాయి.

ఆదివారం కొట్టుకి సెలవు. భార్యాభర్తలిద్దరూ తీరిగ్గా ఒకరి పక్కన ఒకరు పడుకునేది వారం మొత్తంలో ఆ ఒక్క మధ్యాహ్నమే. ఆవిడ లేచి స్నానానికి వెళ్ళింది. మాస్టారు కూనిరాగం తీస్తూ పక్క సర్దబోయాడు. దుప్పటి మీద చూపు పడింది. రాగం గొంతులోనే ఆగిపోయింది.

వీర్యం పడ్డచోట ఎర్రగా ఉంది. పక్కన విడిగా పడ్డ నెత్తురు కాదు, అందులోనే కలిసి వచ్చింది. భార్యదేమో అనుకుందామంటే ఆవిడకి నెలసరి ఆగిపోయి చాలా కాలమైంది. అసలు ఇది మొదటిసారి కూడా కాదు. కిందటి నెలలో ఒకసారి ఇలాగే కనిపిస్తే, ఆ పొద్దున తాగిన బీట్‌రూట్ రసం మీదికి నేరం తోసేసి చేతులు దులుపుకున్నాడు. అప్పట్నించీ బీట్‌రూట్ మొహం చూడలేదు. అయినా వచ్చింది. అంటే అది పాపం నిర్దోషి అన్నమాట.

మంచం అంచు మీద కూలబడ్డాడు. మొదట వచ్చిన ఆలోచన, ఇది కాన్సరే. రెండో ఆలోచన అంతకంటే గట్టిగా తగిలింది: భార్యకి తెలిస్తే ఏమనుకుంటుంది? తను రోజూ మూటలకోసం వెళ్ళేది ఎక్కడికి? లాడ్జీకి. గుడ్డల గది ఎక్కడుంది? మేడ మీద, గదులన్నీ దాటాక, చివర్న. ఏదో అంటించుకొచ్చాడని ఆవిడ అనుకుంటే కాదని నిరూపించడం ఎలా? చచ్చిపోవడం ఒక ఎత్తు, చెడ్డపేరుతో చచ్చిపోవడం ఇంకో ఎత్తు. మాస్టారి బుర్ర అప్పటికే తన సంతాప సభ దాకా వెళ్ళి, అక్కడ భార్య ఏడవకుండా కూర్చుని ఉండడం కూడా చూసి వచ్చింది.

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగేలోపు దుప్పటి లాగేశాడు. ఒక్క పరుగున కింద కొట్టులోకి వెళ్ళి, కుళాయి తిప్పి, పొగలు కక్కే నీళ్ళలో ముంచాడు.

నెత్తుటి మరకకి కావలసింది చన్నీళ్ళు, గుప్పెడు ఉప్పు, కాస్త ఓపిక. పెళ్ళైన కొత్తలో భార్య అతనికి నేర్పిన మొదటి పాఠం ఇదే. వేడి తగిలితే ఆ మరక ఉడికి నూలులోకి దిగిపోతుంది, ఇక జన్మలో పోదు. ఈ ముక్క అతను పనివాళ్ళకి ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. తన దాకా వచ్చేసరికి అంతా మరిచిపోయాడు. పైకి తీసి చూసేసరికి ఎర్రగా ఉన్నది కాస్తా గోధుమరంగుకి తిరిగి, ముద్ర గుద్దినట్టు నిలిచిపోయింది.

మెట్ల మీద భార్య అడుగుల చప్పుడు. మాస్టారు తడిదుప్పటిని పిండి, ఉండచుట్టి, ఎదురుగా ఉన్న లాడ్జి మూటలో కుక్కేశాడు.

అది దొరికిపోయే పని కాదని అతని ధీమా. దానికో కారణం ఉంది. అంచులు చిరిగాయని లాడ్జి మేనేజరు పక్కన పడేసే దుప్పట్లు వీళ్ళకి ఇచ్చేస్తుంటాడు. భార్య వాటి అంచులు మడిచి కుడుతుంది. ఇంట్లో పక్క మీద వేసుకునేవన్నీ అవే, ప్రతిదాని మూలన నీలిదారంతో లాడ్జి గుర్తు ఉంటుంది. దీనికైతే ఆవిడ ఇంకా అంచు కుట్టనే లేదు. ఆ మూటలో ఉన్నంతసేపూ అది లాడ్జి దుప్పటే.

"పక్క మీది దుప్పటేదండీ?" అంది భార్య.

"చెమట వాసనేస్తోందని తీసేశా."

ఆవిడ వింతగా చూసింది. చెమట గురించి అతను పట్టించుకోవడం అదే మొదలు.

సోమవారం పొద్దున మూటలు విప్పే బల్ల దగ్గర అసలు గొడవ మొదలైంది. ఆ కొట్టులో ఇస్త్రీ ఆయనది, మరకలు ఆవిడవి. వీధిలో అందరూ ఆవిణ్ణి మరకల మేడమ్ అంటారు. గుడ్డ వెలుగుకి పట్టి చూసిందంటే అది టీయో, తుప్పో, లిప్‌స్టిక్కో చెప్పేస్తుంది. అడిగితే ఎవరి లిప్‌స్టిక్కో తప్ప అన్నీ చెబుతుంది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

మాస్టారు ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చాడు.

"ఇది చూడండి. మగవాళ్ళ మరక. అందులోనే నెత్తురు. పాపం, ఎవరో ఏమో! దీన్ని దాచుకోవాలని ఆ లాడ్జి బాత్రూంలోనే వేడినీళ్ళలో ఉడకేసినట్టున్నాడు. ఎంత కంగారుపడి ఉంటే ఇలాంటి తెలివితక్కువ పని చేస్తాడు!"

"తెలివితక్కువేముంది," అన్నాడు మాస్టారు, కాస్త నొచ్చుకుని. "అందరికీ తెలియాలని ఏముంది?"

"అదే నేనూ అంటున్నా. పాపం, తెలియక."

ఆవిడ మరకని చన్నీళ్ళలో నానబెట్టింది, పోదని తెలిసి కూడా. ఇక ఆ రోజంతా ఆవిడ నోట ఇదే మాట. అన్నం తింటూ, "ఒక్కడే ఉన్నాడో ఏమో, చెప్పుకోవడానికి పక్కన మనిషన్నా లేడేమో" అంది. చొక్కాలకి గుండీలు కుడుతూ, "అతని పెళ్ళాం ఎక్కడుందో, ఆవిడకి తెలుసో లేదో" అంది. మాస్టారికి భయంతో పాటు కొత్తగా ఇంకో బాధ పట్టుకుంది. ఆ లాడ్జివాడి మీద అసూయ పుట్టింది. తనకి జ్వరమొస్తే మాత్ర చేతిలో పెట్టి పనికి వెళ్ళిపోయే మనిషి, ముక్కూమొహం తెలియని వాడి కోసం ఇంత కుమిలిపోవడమేమిటి? ఆ ముక్కూ మొహమూ తనవేనన్న సంగతి అసూయపడేటప్పుడు గుర్తుండేది కాదు.

"ఎవడో వాడు! నీకెందుకే అంత ఇది?" అని ఒకసారి విసుక్కున్నాడు.

"మనిషిని కానూ?" అంది ఆవిడ. "మీకు మనసు లేకపోతే నాకూ లేదా?"

అప్పట్నించీ నడుం నొప్పని వంక పెట్టి ముందుగదిలో చాప మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఊరుకుంటుందా? మంట పుట్టించే మందు తెచ్చి, లేని నొప్పికి మర్దనా చేసింది. ఇస్త్రీబల్ల దగ్గర వంగినప్పుడల్లా వీపు భగ్గుమనేది. చేసిన పాపానికి వీపు అనుభవిస్తోందని సరిపెట్టుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు ఆవిడ లాడ్జి మేనేజరుకి ఫోన్ చేసింది. మేనేజరు పెద్దమనిషి, నెమ్మదస్తుడు, యాభై దాటినవాడు. ఆవిణ్ణి చెల్లెమ్మా అని పిలుస్తాడు.

"అన్నయ్యగారూ, చెప్పడానికి బావుండదు కానీ చెప్పకపోతే తప్పు," అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. "ఎవరో కనుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పండి. ఊరికే వదిలెయ్యొద్దనండి."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత మేనేజరు, "ఏ రంగులో ఉందమ్మా?" అన్నాడు. "ఎక్కువగా ఉందా? అలాంటిది... ప్రమాదమంటావా?"

"నేను గుడ్డలకి డాక్టర్ని అన్నయ్యగారూ, మనుషులకి కాదు. అందుకే డాక్టరు దగ్గరికి పంపమంటున్నా."

"కనుక్కుంటానమ్మా. ఆ మనిషిని తప్పకుండా కనుక్కుంటాను," అన్నాడు మేనేజరు. ఆ గొంతులో పట్టుదల చూసి ఆవిడ మురిసిపోయింది. మాస్టారు చొక్కా కాలరు మాడ్చేశాడు.

రెండ్రోజుల తర్వాత ఉతికిన మూటలు ఇవ్వడానికి వెళ్ళిన మాస్టారికి, లాడ్జి గుమ్మంలోనే పెద్దక్షరాల కాగితం కనిపించింది. 'ఇక్కడ బసచేసే మగవారు తమ ఆరోగ్యం గురించి ఏ సందేహమున్నా మేనేజరుతో ఏకాంతంగా మాట్లాడవచ్చును. గోప్యంగా ఉంచబడును.' అది చదివి మేడ మీది మందుల కంపెనీ మనిషి ఆ పూటే గది ఖాళీ చేశాడట. మిగిలినవాళ్ళు మేనేజరు కనిపిస్తే గోడవారగా నడిచిపోతున్నారు. నిజానికి ఆ దుప్పటి వాళ్ళెవరిదీ కాదాయె.

లోపల పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. బల్ల ముందు ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. కొత్తగా పెళ్ళైందని చెప్పకుండానే తెలుస్తోంది. పక్కన భార్య, ఆ పిల్ల చేతిలో పెట్టె.

"మీరేం సిగ్గుపడొద్దు," అంటున్నాడు మేనేజరు, తగ్గు గొంతుతో. "నాకు చెబితే చాలు. మీకెప్పుడైనా నెత్తురు..."

"నాకేం లేదని ఎన్నిసార్లు చెప్పాలండీ!" అన్నాడు కుర్రాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమీ లేకపోతే ఆయన మిమ్మల్నే ఎందుకడుగుతున్నారు?" అంది ఆ పిల్ల. కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. "మీ ఇంట్లోవాళ్ళు నాకేం చెప్పకుండా దాచారా? మా నాన్నకి ఫోన్ చేస్తాను."

మాస్టారు మూటలు పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాడు. నోరు తెరిచి ఒక్కమాట, 'నాదే' అంటే చాలు. నోరు తెరుచుకుంది కూడా. మాట రాలేదు. మూటలు అక్కడే పడేసి వెనక్కి తిరిగాడు. వీధి మలుపు దాకా నడిచాడు, ఆ తర్వాత పరుగే. కాన్సరొచ్చి తను పోతే పోయాడు. తన మరక మూలాన ఒక కొత్త కాపురం కూలిపోవడమేమిటి? అంత పాపం మోసే నడుం అతనికి లేదు, నిజంగా నొప్పి లేకపోయినా సరే.

భార్య తొట్టి ముందు కూర్చుని, మోచేతుల దాకా నురగలో ఉంది.

"ఆ దుప్పటి నాది," అన్నాడు గుమ్మంలోంచే.

"ఏ దుప్పటి?"

"ఆ దుప్పటి."

ఆవిడ చేతులు నురగలో ఆగిపోయాయి. మాస్టారు ఊపిరి తీసుకోకుండా అంతా కక్కేశాడు: బీట్‌రూట్, ఆదివారం, కుళాయి, మూట, లేని నడుంనొప్పి, లాడ్జిలో ఏడుస్తున్న పిల్ల. ఆఖర్న, "ఒట్టు, నేను ఏ తప్పుడు పనీ చెయ్యలేదు. లాడ్జీకి వెళ్తుంటాను కదా, నువ్వు వేరేగా అనుకుంటావేమోనని చెప్పలేదు," అన్నాడు.

ఆవిడ నురగలోంచి చేతులు పైకి తీసింది.

"వేడినీళ్ళు పోసింది మీరా?"

"నేనే."

"ఇన్నేళ్ళు నా పక్కన నిలబడి పనిచేసి, వేడినీళ్ళు పోశారా!"

తడి దిండు గలీబు ఒకటి ఎగిరొచ్చి మాస్టారి మొహానికి తగిలింది. వెనకే ఇంకొకటి. మూడోది విసరబోయి ఆవిడ ఆగిపోయింది, కొంగుతో కళ్ళొత్తుకుంది, కొంగుకి నురగంటింది.

"మిమ్మల్ని అనుమానిస్తాననుకున్నారా? అబద్ధమాడితే మీ చెవులు ఎర్రబడతాయి, నాకు తెలియదా? ఈ నాలుగు రోజులూ ఎర్రగానే ఉన్నాయి. మందు వేడి చేసిందేమో అనుకున్నాను, నా తెలివి తగలెయ్య! ఎవడో పరాయివాడి కోసం గుండె చెరువు చేసుకున్నాను. నా మనిషి నా ఎదురుగానే ఒక్కడూ భయంతో చస్తుంటే, నడుంకి మందు రాస్తూ కూర్చున్నాను. అదీ నాకు కోపం."

తను అసూయపడ్డ ఆ ప్రేమంతా తనదేనని మాస్టారికి అప్పుడు తట్టింది. దుఃఖమూ సిగ్గూ కలిసి ముంచుకొచ్చాయి, కానీ గుండె మీంచి బండ దిగినట్టు కూడా అనిపించింది.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. మూత్ర సంబంధమైన జబ్బులు చూడడంలో ఆయనకి మంచి పేరుంది. చిక్కల్లా ఒకటే. ఆయనకి ఒక చెవి సరిగ్గా వినపడదు, అందుచేత లోకమంతా చెవిటిదనుకుంటాడు.

మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకుని గుసగుసగా చెప్పాడు.

"వీర్యంలో రక్తమా!" అన్నాడు డాక్టరు. తలుపుకి అవతల, బెంచీల మీద దగ్గులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. "ఎన్నిసార్లు?"

మాస్టారు రెండు వేళ్ళు చూపించాడు.

"వయసు?"

వేళ్ళతో చూపించేది కాదు గనక నలభై ఎనిమిదని చెప్పక తప్పలేదు. మూత్రంలో నెత్తురు పడుతోందా, మంట ఉందా, ధార సన్నబడిందా, జ్వరమొచ్చిందా, వృషణాల్లో వాపూ నొప్పీ ఉన్నాయా, ఎక్కడైనా దెబ్బ తగిలిందా, రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని డాక్టరు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఒక్కో ప్రశ్నా బయట బెంచీలకి స్పష్టంగా అందింది. అన్నిటికీ లేదని తల ఊపాడు, ఒక్క మంట దగ్గర తప్ప. మంట కొంచెం ఉంది. భార్య చురుగ్గా చూసింది. అది ఆవిడకీ కొత్త సంగతే.

బీపీ చూస్తే ఎక్కువుంది. "ఇదెప్పట్నించి?" అన్నాడు డాక్టరు. ఎవరికి తెలుసు? ఎప్పుడూ చూపించుకున్న పాపాన పోలేదు. ఆ తర్వాత డాక్టరు చేతికి తొడుగు వేసుకుని, పక్కకి తిరిగి మోకాళ్ళు ముడుచుకోమన్నాడు. అప్పుడు జరిగినదాని గురించి మాస్టారు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అనుకున్నంత సేపు పట్టలేదని మాత్రం ఒప్పుకుంటాడు.

"ప్రోస్టేట్ అని మూత్రసంచీ కింద చిన్న గ్రంథి ఉంటుంది," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "మీకక్కడ ముట్టుకుంటే నొప్పి ఉంది. వాపులా ఉంది. మూత్రం, రక్తం పరీక్షలు చేయిద్దాం, స్కానింగ్ కూడా. నలభై లోపువాళ్ళకి ఎప్పుడో ఒకసారి ఇలా కనపడి, ఇంకే బాధా లేకపోతే చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. అయినా ఒకసారి చూపించుకుంటే మనసు కుదుటపడుతుంది. మీకు నలభై దాటింది, మళ్ళీ వచ్చింది, మంట ఉంది. అలాంటప్పుడు ఇంట్లో కూర్చుని బీట్‌రూట్ మానెయ్యకూడదు."

"కాన్సరు..." అన్నాడు మాస్టారు, ఈసారి తనూ కొంచెం గట్టిగానే.

"చాలా అరుదు. అరుదని వదిలెయ్యం, అందుకే పరీక్షలు. దీన్ని చూసి చచ్చిపోయేంత భయం అక్కర్లేదు, చూడనట్టు ఊరుకోవడమూ పనికిరాదు. అర్థమైందా?"

బయట బెంచీల మీద కొందరు అర్థమైనట్టు తలలూపారని తర్వాత భార్య చెప్పింది. మాస్టారు తల వంచుకుని బయటికొస్తే, కర్ర పట్టుకున్న ముసలాయన ఒకడు జరిగి చోటిచ్చాడు. "కూర్చో నాయనా. ఇందాక నా సంగతి కూడా అందరూ విన్నారు," అన్నాడు.

పరీక్షల్లో భయపడాల్సిందేమీ తేలలేదు. ప్రోస్టేట్‌లో ఇన్‌ఫెక్షనే. దానికో మందు, బీపీకో మాత్ర రాశారు. ఇంకొన్నాళ్ళు గోధుమరంగులో కనిపించినా అది పాత రక్తమేనని, కంగారు పడొద్దని, చెప్పిన రోజుకి మళ్ళీ వచ్చి చూపించుకోమని డాక్టరు వీధి చివర దాకా వినపడేలా చెప్పాడు.

ఇక మిగిలింది లాడ్జి. కొత్త జంట సంగతి డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందే భార్య ఫోన్లో సర్దేసింది. "పొరపాటు మా కొట్టులోదే అన్నయ్యగారూ, ఆ అబ్బాయికేం సంబంధం లేదు" అని చెబితే, మేనేజరు ఆ పిల్లకి క్షమాపణ చెప్పుకుని, ఇంకో రెండ్రోజులు ఊరికే ఉండమని గది ఇచ్చాడట. కానీ ఆ దుప్పటి ఎవరిదో ఆవిడ చెప్పలేదు. "అది మీరు చెప్పుకోవాల్సిన సంగతి," అంది మొగుడితో.

మాస్టారు చెప్పుకున్నాడు. గుడ్డల గదిలో, తెల్ల దుప్పట్ల బీరువాల మధ్య నిలబడి, ఈసారి కంగారు లేకుండా మొత్తం చెప్పాడు. మందలిస్తాడేమో, ఇక మూటలివ్వనంటాడేమో అని ఎదురు చూశాడు.

మేనేజరు లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

"మీరేనా!" అన్నాడు. "మాస్టారూ, ఆ మనిషి కోసం నేను ఎంత వెతికానో తెలుసా? గది ఖాళీ చేయించడానికి కాదు. దొరికితే అడుగుదామనుకున్నాను."

"ఏమని?"

"డాక్టరు ఏమన్నాడని." మేనేజరు బీరువా వైపు తిరిగి, మడత బాగానే ఉన్న దుప్పటిని మళ్ళీ మడత పెట్టసాగాడు. "నాకూ ఉంది. వానాకాలం ముందు నుంచి. ఎవరికీ చెప్పలేదు. చెల్లెమ్మ ఫోన్ చేసిన రోజున, నాలాంటివాడు ఇంకొకడు ఈ కప్పు కిందే ఉన్నాడని తెలిసి, సిగ్గు విడిచి చెప్తున్నా, సంతోషమేసింది."

మాస్టారికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ గోడకి అంటించిన కాగితం, ఆ పట్టుదల, ఆ కుర్రాణ్ణి అలా బతిమాలడం... తను భయపడి పారిపోయాడు గానీ, అవతలివాడు తనకంటే ఎక్కువ భయంలో ఉన్నాడు.

"మూత్రంలో కూడా పడుతోందా?"

"ఈ మధ్యన. అప్పుడప్పుడు."

"ఇంట్లో వదినగారికి తెలుసా?"

"అమ్మో! ఎలా చెప్తాను? రోజూ లాడ్జీలో ఉంటాను కదా, వేరేగా అనుకుంటే..."

"మరి దుప్పట్లు?"

"నేనే తీసేసి ఉతుకుతున్నా, ఆవిడ చూడకుండా." మేనేజరు గొంతు ఇంకా తగ్గించాడు. "మరకలు మాత్రం పోవడం లేదు. పొయ్యి మీద మరగబెట్టి మరీ పోస్తున్నాను."

"వేడినీళ్ళా!" అని అరిచాడు మాస్టారు. ఆ అరుపులో సగం భార్యది, సగం డాక్టరుది. చేతికందిన గలీబు తీసి విసిరేవాడే, కానీ ఉతికి ఇస్త్రీ చేసింది తనే కావడంతో చెయ్యి రాలేదు. దానికి బదులు మేనేజరు చేతిలోంచి దుప్పటి లాక్కుని బీరువాలో పెట్టాడు, తలుపు గడియ తీశాడు, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు మేనేజరు.

"ముందు మీ ఇంటికి. వదినగారికి చెప్పేదాకా మీ పక్కనే ఉంటాను. అక్కణ్ణించి ముగ్గురం డాక్టరు దగ్గరికి. మూత్రంలో పడుతుంటే ఇంకో పూట కూడా ఆగకూడదు."

"డాక్టరు మెల్లగా మాట్లాడే మనిషేనా?" అని మేనేజరు ఆశగా అడిగాడు.

"ముందు నడవండి," అన్నాడు మాస్టారు. గుమ్మం దాటేటప్పుడు ఆ కాగితాన్ని గోడ నుంచి ఊడదీసి, అలవాటు కొద్దీ అంచుకి అంచు కలిపి మడిచి, మేనేజరు చొక్కా జేబులో పెట్టాడు.